అంచుదారిలో ఆఖరి సైకిలు

వైశాఖం, రెండో సోమవారం

వేగం ఇరవై ఒకటి. ఎదురుగాలి. ఆయాసం మామూలే.

ఈ చిట్టా రాసుకోమన్నది సైకిలు అమ్మిన షాపాయన. "రోజూ వేగం రాసుకోండి ముత్యాలరావు గారూ, ఆరు నెలల్లో మీరేంటో మీకే తెలుస్తుందండి" అన్నాడు. ఏడాదిన్నర అయింది. తెలిసింది. అయినా రాయడం మానలేదు.

నా ఇల్లు రాజమహేంద్రవరంలో, పని కొవ్వూరులో. మధ్యలో గోదావరి, దాని మీద ఆరో వంతెన. నేను తప్ప ఊరంతా గూడుబండ్లలోనే వెళ్తుంది. గూడుబండికి డ్రైవరుండడు, స్టీరింగుండదు, ముందుకు చూసే అద్దం కూడా ఉండదు. పక్కలకీ వెనక్కీ మాత్రం అద్దాలు పెట్టారు. నలుగురు ఎదురెదురుగా కూర్చుంటే అదే తీసుకుపోతుంది. వంతెన మొదట్లో బండ్లన్నీ ఆగి, జానెడు జానెడు దూరంలో దండ కడతాయి. అప్పుడు అద్దాలు బిగుసుకుంటాయి. అవతలి గట్టు చేరేదాకా మళ్ళీ తెరుచుకోవు. దండ దండంతా ఒకే వేగంతో పోతుంది, నేను అడ్డం వచ్చే చోట తప్ప.

నా దారి అంచుదారి. తెల్లగీతకీ రెయిలింగుకీ మధ్య ఉన్న సందు. ఇందులో సైకిలు తొక్కవచ్చని నియమం రాసినవాళ్ళు సైకిలెక్కి రాసి ఉండరు. గంటకు ఇరవై కిలోమీటర్లకు తగ్గకూడదు. మధ్యలో ఆగకూడదు. తప్పితే ఒక హెచ్చరిక. మూడు హెచ్చరికలైతే పర్మిట్టు రద్దు. ఒకప్పుడు చాలామందికి ఉండేవట ఈ పర్మిట్లు. ఇప్పుడు ఉన్నది నాదొక్కటే. నాదీ పోతే అంచుదారిని చెరిపేసి బండ్లకి ఇంకో వరస వేసుకోవాలని వంతెన కార్యాలయం కాచుకుని ఉంది. నాకు ఇప్పటికే ఒక హెచ్చరిక ఉంది, టోపీ ఎగిరిపోతే పట్టుకోవడానికి ఆగినందుకు. టోపీ దొరకలేదు.

గూడుబండ్ల మర్యాద నన్ను చంపుతోంది. పాతకాలంలో లారీవాడు హారన్ కొట్టి, మా అమ్మని ఒక మాట అని పోయేవాడట. ఆ తిట్టులో కాస్త చుట్టరికమైనా ఉండేది. గూడుబండి హారన్ కొట్టదు. నన్ను చూడగానే వేగం తగ్గించి, ఎడంగా జరిగి, పెళ్ళివారి ముందు నడిచినంత వినయంగా నన్ను దాటుతుంది. దాటుతున్నంతసేపూ లోపలివాళ్ళు నా పొట్టనీ, దాన్ని పట్టి ఉంచలేకపోతున్న బిగుతు చొక్కానీ తీరిగ్గా చూస్తారు.

వాళ్ళలో నా భార్య భ్రమరాంబ కూడా ఉంటుంది. కొవ్వూరు బళ్ళో లెక్కలు చెబుతుంది. రోజూ నన్ను దాటేటప్పుడు అద్దానికి అరచెయ్యి ఆనిస్తుంది. రెండో చేతిలో ఎప్పుడూ పూతరేకు ఉంటుంది. ఒకసారి పూతరేకుల షాపు దగ్గర కాస్త ఆపమందట. గూడుబండికి ఒకసారి చెబితే చాలు, మర్నాడు చెప్పకుండానే చేస్తుంది. ఒక బండి నేర్చుకున్నది మిగతా బండ్లూ నేర్చుకుంటాయి. ఇప్పుడు ఆ షాపు ముందు బండ్లన్నీ ఆగుతున్నాయి. ఆగాక కొనకపోతే బాగోదని ఈవిడ కొంటోంది.

నేనెందుకు గూడుబండి ఎక్కనని అడిగినవాళ్ళందరికీ ఆరోగ్యం గురించి, శరీరశ్రమ గురించి చెబుతుంటాను. ఇక్కడ నిజం రాసుకుంటాను. ఎక్కితే వాంతి అవుతుంది. నా పనేమో గూడుబండ్లకి సీట్లు కుట్టడం. జిల్లాలో సగం బండ్లలో జనం నేను కుట్టిన సీట్ల మీద హాయిగా నిద్రపోతున్నారు.

వైశాఖం, మూడో బుధవారం

వేగం సున్నా. అంటే, కాసేపు.

వంతెన మొదట్లో నూకరత్నం టీ బడ్డీ ఉంది. దండలో చేరడానికి వంతు కోసం ఆగిన బండ్లకి కిటికీలోంచి టీ అందిస్తుంటుంది. నేనూ అక్కడే ఆగి ఊపిరి కూడదీసుకుంటాను. దానికి సన్నాహం అని పేరు పెట్టుకున్నాను. ఇవాళ ఒక బండిలోంచి ఓ పెద్దాయన చెయ్యి బయటికి పెట్టి పిలిచారు.

"బాబూ, అద్దాలు బిగిసిపోతాయంట కదా. మరి గోదారమ్మకి ఇదెలా ఇచ్చేది? ఆయ్, నువ్వైతే బయటే ఎల్తావు కదా. కాస్త వేసి పెట్టవా?"

ఆయన చేతిలో పాత రూపాయి బిళ్ళ ఉంది. నాణేలతో ఏదైనా కొని ఎన్నేళ్ళయిందో. అయినా గోదావరి దాటేటప్పుడు వెయ్యడానికని ప్రతి ఇంట్లోనూ ఏ పోపుల పెట్టె అడుగునో కొన్ని దాచుకుంటారు. నేను వ్యాయామంలో ఉన్నానని, మధ్యలో ఆగితే లయ తప్పుతుందని చెబుదామనుకున్నాను. ఆయన అప్పటికే నా అరచేతిలో పెట్టి, నా వేళ్ళు తనే మూసేశారు.

ఎండాకాలం కదా, నదిలో సగం ఇసుకే. నీళ్ళున్నది వంతెన నడుమ, ఎర్రదీపం స్తంభం కింద. ఇసుకలో పడితే గోదావరికి ఇచ్చినట్టు కాదు. పోతూ పోతూ విసరడానికి భయమేసి దిగాను. రెయిలింగు మీంచి వంగి వేశాను. నీళ్ళలోనే పడింది. దండం కూడా పెట్టాను, ఎవరి తరఫున పెడుతున్నానో నాకే తెలియకుండా.

వెంటనే స్తంభంలోంచి వంతెనమ్మ మాట్లాడింది. వంతెన గొంతుకి జనం పెట్టుకున్న పేరది. "గౌరవనీయులైన సైకిలు ప్రయాణికులకు మనవి. మీరు ఆగియున్నారు. ఇది మీ రెండవ హెచ్చరిక. మీ ప్రయాణం సుఖప్రదమగుగాక."

ఈ హెచ్చరిక ఖరీదుకి కనీసం రెండు రూపాయలైతే బాగుండేది అనిపించింది.

జ్యేష్ఠం, మొదటి శుక్రవారం

వేగం ఇరవై. మొలకి సంచీ.

పెద్దాయన ఎవరికి చెప్పారో, ఊరందరికీ తెలిసిపోయింది. ముందు నూకరత్నం గ్లాసు కింద పెట్టి నాలుగు బిళ్ళలిచ్చింది. తర్వాత చిన్న గిన్నె. ఇప్పుడు గుడ్డసంచీ.

"ఇదేంటి నూకరత్నం, నేను సైకిలు పందేల మనిషిని. బరువు తగ్గించుకోవాలని సీటు కింద బోల్టు కూడా తేలికది వేయించాను" అన్నాను.

"మరేనండి" అంది టీ వడగడుతూ. "బరువు తగ్గాలంటే ఆ బోల్టు ఒక్కటే కనపడిందాండి తమరికి?"

సంచీ కట్టుకున్నాను.

ఆగకుండా వేయడం నేర్చుకున్నాను. ఎర్రదీపం వంద గజాల దూరంలో ఉండగా ఎడమ చేత్తో ముడి విప్పాలి. స్తంభం దాటుతుండగా గుప్పిట్లోవి రెయిలింగు మీదుగా జారవిడవాలి. "అందరివీనమ్మా" అనాలి. ఇంతలో కుడి చెయ్యి హ్యాండిలుని వదలకూడదు, కాళ్ళు ఇరవైకి తగ్గకూడదు, ముఖం భక్తిగా ఉండాలి. మొదటి రోజు నాణేలతో పాటు నా చేతి తొడుగు కూడా గోదావరి పాలైంది. గోదావరికి ఒక చేతి తొడుగు దేనికో తెలీదు. రెండోది ఇంట్లో ఉంది.

రాత్రి భోజనాల దగ్గర ఈ విద్య గురించి భ్రమరాంబకి వివరించాను. ఆమె పెరుగు వేసుకుంటూ ఊఁ కొట్టింది. ఎదురుగాలిలో శక్తి ఎలా వృథా అవుతుందో, ముందు ఇంకొకరు పోతుంటే ఆ చాటున వెనకవాడికి ఎంత సులువో కూడా అన్నం గిన్నె, పప్పు గిన్నె ముందువెనకలుగా పెట్టి చూపించాను. "పప్పు ఇటివ్వండి" అంది.

ఊరందరి మొక్కులూ నా మొలకే ఉన్నాయి, ఈవిడ మాత్రం ఇంతవరకు ఒక్క బిళ్ళ ఇవ్వలేదు. నేను అడగలేదు. కొంచెం కష్టంగా ఉంది.

జ్యేష్ఠం, మూడో గురువారం

వంతెన కార్యాలయం నుంచి పిలుపు వచ్చింది. సన్మానం అనుకున్నాను. ఇస్త్రీ చొక్కా వేసుకుని వెళ్ళాను. శాలువా కప్పితే బాగుంటుందని లోపల బిగుతు చొక్కా వేసుకోలేదు.

అధికారి పేరు వైనతేయ. ముప్ఫై ఏళ్ళుంటాయేమో. కుర్చీ చూపించి, గోడ మీద వంతెన బొమ్మ వెలిగించాడు. బండ్ల దండలన్నీ ఆకుపచ్చ గీతల్లా పోతున్నాయి. ఎర్రదీపం దగ్గరికొచ్చేసరికి గీత ఉబ్బి, ఎర్రబడి ఉంది.

"ఇదేంటో తెలుసాండి?" అన్నాడు.

"తెలీదండి."

"మీరండి."

విషయం ఏమిటంటే, నాణెం ఇచ్చినవాళ్ళు అది పడటం కళ్ళారా చూడాలనుకుంటున్నారు. ఎర్రదీపం దగ్గర "కాస్త నెమ్మది" అని బండికి చెబుతున్నారు. బండ్లు నేర్చేసుకున్నాయి. ఇప్పుడు నాణెం ఇవ్వనివాళ్ళ బండ్లు కూడా నడిగోదారిలో వేగం తగ్గిస్తున్నాయి. పొద్దున పూట వంతెన మొత్తం ఆలస్యమవుతోంది.

"బండ్లకి ఆ అలవాటు మాన్పించొచ్చు కదండీ" అన్నాను.

"మీరుంటేనే కదండి ఆగుతున్నాయి. మీరు లేకపోతే ఆగవు కదా." అతను కోపంగా ఏమీ లేడు. లెక్క చెబుతున్నట్టే చెప్పాడు. "చూడండి, మిమ్మల్ని రేపే ఆపే అధికారం నాకు లేదు. మీకింకా ఒక హెచ్చరిక మిగిలుంది. అది కూడా అయ్యిందంటే అంచుదారి తీసేస్తాం. నా సలహా ఏంటంటే, నాణేలు మానెయ్యండి. ఇరవైలో తొక్కుకుంటూ పోండి."

న్యాయంగానే ఉంది. పర్మిట్టు పోతే నేను కొవ్వూరు ఎలా వెళ్ళాలి? వెళ్ళలేకపోతే ఈ వయసులో ఇంకో పని ఎవరిస్తారు? ఇక నాణేలు ముట్టనని అతనికి మాటిచ్చాను. దారిలో నాక్కూడా ఇచ్చుకున్నాను.

ఆషాఢం, మొదటి మంగళవారం

వేగం ముప్ఫైనాలుగు. తర్వాత సున్నా. వరసగా రాస్తాను.

పడమటిగాలి మొదలైంది. కొవ్వూరు వైపు వెళ్ళేవాడికి అది గోడ. నది కూడా మారిపోయింది, ఇసుక మునిగి ఎర్రనీరు వచ్చింది. నూకరత్నం బడ్డీ దగ్గర ఆగకుండా పోదామనుకున్నాను. మాటిచ్చాక రెండు వారాలుగా అలాగే తల తిప్పుకుని పోతున్నాను, అప్పుపడ్డవాడిలాగా. ఇవాళ ఆమె రోడ్డుకి అడ్డంగా వచ్చి నిలబడింది. చేతిలో సంచీ ఉంది. రెండు వారాలవి.

"బాబుగారూ, ఇయ్యన్నీ జనాలవండి. మీకు ఇష్టం లేపోతే మానెయ్యండి, తిరిగిచ్చేత్తాను. ఇదొక్కటి మాత్రం నాది." విడిగా గుప్పిట్లో పెట్టుకున్న బిళ్ళ చూపించింది. "మా అమ్మాయికి ఇవాళ కానుపు ఆపరేషనండి, కొవ్వూరులో. తొమ్మిదింటికంట. బిడ్డ అడ్డం తిరిగిందన్నారు. ఆలోపల వేసెయ్యండి బాబూ."

"నువ్వు అక్కడ ఉండకుండా ఇక్కడేం చేస్తున్నావు?"

"అల్లుడున్నాడండి. ఆ గదిలోకి నన్నెలాగూ రానివ్వరు. పొయ్యి దగ్గరుంటే కాస్త నిమ్మళంగా ఉంటాదని వచ్చేసేనండి." టీ మరుగుతోంది. పొంగిపోతున్నా ఆమె చూసుకోవడం లేదు.

ఆ ఒక్కటీ తీసుకున్నాను. అది తీసుకుని మిగతావి వద్దనడానికి నోరు రాలేదు. అన్నీ ఒకే సంచీలో వేసి మొలకి కట్టుకున్నాను.

వంతెనెక్కిన రెండు నిమిషాలకే తెలిసింది నా పని అయిపోయిందని. ఇరవై రెండు. ఇరవై ఒకటి. హ్యాండిలు మీదకి వంగి, గడ్డం ఆనించి, ఉన్నదంతా కాళ్ళలో పెట్టాను. ఇరవై. "గౌరవనీయులైన సైకిలు ప్రయాణికులకు మనవి. మీ వేగము తగ్గుచున్నది" అంది వంతెనమ్మ. ఈ మాట ఆవిడ చెప్పాలా? కళ్ళ ముందు చుక్కలు. ఎర్రదీపం ఇంకా చాలా దూరం.

అప్పుడు నా పక్కగా పోతున్న ఒక గూడుబండి నన్ను దాటి, తెల్లగీత మీదకి ఒరిగి, సరిగ్గా నా ముందుకొచ్చి నెమ్మదించింది. గాలి ఆగిపోయింది. ఎవరో తలుపు వేసినట్టు ఆగింది. బండి వెనకద్దంలో భ్రమరాంబ ఉంది. పప్పు గిన్నె, అన్నం గిన్నె.

ఆవిడ విన్నదన్నమాట.

ఒక బండి నేర్చుకుంటే అన్నీ నేర్చుకుంటాయని చెప్పాను కదా. నా కుడి పక్కన ఇంకో బండి వచ్చి చేరింది. దాని ముందు ఇంకోటి. గాలి ఎటు నుంచీ లేదు. ఇరవై నాలుగు. ఇరవై ఎనిమిది. బండ్లూ నాతో పాటు వేగం పెంచాయి. ముప్ఫై. నా యాభై రెండేళ్ళ బతుకులో కాళ్ళు ఇలా తిరగలేదు. తల వంచి హ్యాండిలు మీది అంకె వంకే చూస్తున్నాను. ముప్ఫైనాలుగు. నా గొంతులోంచి ఏదో శబ్దం వచ్చింది. పాటేమో.

తలెత్తి చూస్తే పక్క అద్దాల్లో మొహాలు. అందరూ చేతులు జోడించి ఉన్నారు. నాకే అనుకున్నాను. నా వేగాన్ని గుర్తించారనుకున్నాను. భ్రమరాంబ వెనకద్దం మీద రెండు చేతులతో కొడుతూ ఏదో చూపిస్తోంది. ఉత్సాహపరుస్తోందనుకుని చెయ్యి ఊపాను. ఆవిడ నుదురు కొట్టుకుంది. పక్క బండ్లలో జోడించిన చేతులు ఒక్కొక్కటిగా దిగిపోయాయి.

మోకాలికి సంచీ తగిలింది.

ఎర్రదీపం ఎప్పుడో దాటేశాను. నడిగోదారి వెనకబడిపోయింది. నాలుగొందల గజాలు ముందుకొచ్చేశాను. వేగం మోజులో పడి ఊరందరి మొక్కులూ మొలన కట్టుకుని గట్టుకి పోతున్నాను.

పావు నిమిషం ఆలోచించాను. ఆ పావు నిమిషం కూడా తొక్కుతూనే ఉన్నాను, సిగ్గులేకుండా. సాయంత్రం వచ్చేటప్పుడు వేస్తే పోలేదా అని ఒక మాట. ఆగితే మూడో హెచ్చరిక అని ఇంకో మాట. పొంగిపోతున్న టీ గుర్తొచ్చింది. తొమ్మిదిలోపల అంది. ఎనిమిది నలభై అయింది.

బ్రేకు వేశాను.

"ఇది మీ మూడవ హెచ్చరిక. మీ అనుమతి రద్దు చేయబడినది. మీ ప్రయాణం సుఖప్రదమగుగాక." సైకిలు వెనక్కి తిప్పి, దాన్ని నడిపించుకుంటూ గాలి వెన్నులో తోస్తుండగా ఎర్రదీపం దాకా నడిచాను. బండ్లన్నీ ఆగిపోయాయి. వంతెన మీద అంత నిశ్శబ్దం నేనెప్పుడూ వినలేదు, కింద వరద చప్పుడు తప్ప. ముందు నూకరత్నం బిళ్ళ వేశాను. దానికి పేరు పెట్టి చెప్పాను, కూతురికీ బిడ్డకీ మంచి జరగాలని అడిగాను. తర్వాత మిగతావన్నీ, గుప్పిళ్ళతో కాదు, ఒక్కొక్కటే. ఎలాగూ పర్మిట్టు పోయింది, ఇక తొందరేముంది?

ఏడుపొచ్చింది. పర్మిట్టు కోసమేనని ఇక్కడ రాస్తున్నాను. ముప్ఫైనాలుగు కోసం కూడా కొంచెం.

ఆషాఢం, రెండో సోమవారం

వేగం వర్తించదు.

నూకరత్నానికి మనవరాలు పుట్టింది. తల్లీ బిడ్డా క్షేమం. డాక్టర్లు బాగా చేశారని అందరూ అంటున్నారు, నేనూ అదే అంటున్నాను.

నేను మాత్రం ఇవాళ గూడుబండి ఎక్కాను. వేరే దారి లేదు. భ్రమరాంబ పక్కన కూర్చుని ఒళ్ళో స్టీలు గిన్నె పెట్టుకున్నాను. ఎదుటి సీటులో ఇద్దరు అపరిచితులు మర్యాదగా కళ్ళు మూసుకున్నారు. నేను కుట్టిన సీటే. కుట్టు బాగానే వేశాను, అది గమనించేంత వ్యవధి దొరికింది. నడిగోదారి రాకముందే గిన్నె అవసరం పడింది. రేపటి నుంచి మూడు రోజులు సెలవు పెట్టాను.

సాయంత్రం ఇంట్లో నా బాధ ఇంకో దారిలో బయటపడింది. "ఊరందరూ ఇచ్చారు. నువ్వు ఒక్కరోజన్నా ఒక్క బిళ్ళ ఇచ్చావా భ్రమరా? నీకు మొక్కులేమీ లేవా, నా చేతి మీద నమ్మకం లేదా?"

ఆమె లేచి వంటింట్లోకి వెళ్ళింది. బియ్యం డబ్బా వెనక నుంచి కాఫీపొడి డబ్బా తెచ్చి నా ముందు పెట్టింది. బరువుగా ఉంది. మూత తీస్తే పైదాకా నాణేలు.

"ఇవేంటి?"

"మీరు క్షేమంగా అవతలికి చేరితే ఒకటి వేస్తానని మొక్కుకునేదాన్ని. రోజూ, మీ పక్కనించి పోయేటప్పుడు." అద్దానికి ఆనించిన అరచెయ్యి గుర్తొచ్చింది. "చేరాకే కదండీ మొక్కు తీర్చేది. ముందే మీ చేతికెలా ఇస్తాను? మీరు చేరేసరికి నేను బళ్ళో ఉంటాను. ఇంటికొచ్చి ఇందులో వేసేదాన్ని. ఎప్పుడో ఒకసారి వెయ్యొచ్చులే అనుకున్నాను."

ఏడాదిన్నరగా ఎదురుగాలి గురించి రాశాను ఈ చిట్టాలో. ఎన్ని పేజీలో. ఈ డబ్బా గురించి ఒక్క ముక్క లేదు. నాకు తెలియదు మరి. మళ్ళీ సైకిలు మీద ఆ వంతెన ఎక్కగలిగితే వేగం కోసం కాదు, ఈ డబ్బా కోసం ఎక్కాలి. ఎక్కనివ్వరు కదా.

ఆషాఢం, నాలుగో శనివారం

వైనతేయ మా ఇంటికొచ్చాడు. మంచినీళ్ళిచ్చాం. తాగి, గ్లాసు చేతిలోనే పెట్టుకుని కూర్చున్నాడు.

"మీరు లేకపోయినా ఆలస్యం తగ్గలేదండి" అన్నాడు.

"అయ్యో."

"పెరిగిందండి. మీరొస్తారేమోనని జనం బండ్లని నెమ్మది చేయించి చూస్తున్నారు. మీకు చెప్పకూడదు గాని, బండ్లు అంచుదారి పక్కన మీకు ఖాళీ వదిలి పోతున్నాయి. గాలొచ్చినప్పుడు ముందుకెళ్ళి ఒరుగుతున్నాయి. లేని సైకిలుకి చాటు పెడుతున్నాయండి. ఇంకో వరస ఎక్కడ వేసుకోం? ఎంత చెప్పినా ఆ అలవాటు పోవట్లేదు, రోజూ నలభై వేల మంది మళ్ళీ మళ్ళీ నేర్పిస్తున్నారు." గ్లాసు కింద పెట్టాడు. "నాణెం పడిపోతే జనం కదిలిపోతారు. పడట్లేదు కాబట్టి చూస్తూనే ఉన్నారు. నేను లెక్క తిరగేసి వేశానండి."

కొత్త పర్మిట్టు తెచ్చాడు. ఆశగా చదివాను. సైకిలు విభాగంలో కాదు, వంతెన నిర్వహణ సిబ్బంది విభాగంలో ఇచ్చారు, కాలువలు ఊడ్చే యంత్రం పక్కన. నడిగోదారిలో ఆగవచ్చు. కాదు, ఆగవలెను. కనీస వేగం లేదు. గరిష్ఠ వేగం పన్నెండు.

"పన్నెండా?" అన్నాను. "నేను ముప్ఫైనాలుగు తొక్కినవాడినండీ."

"చూశామండి" అన్నాడు. "వెయ్యడం మర్చిపోయారు కదా."

భ్రమరాంబ లోపలికి వెళ్ళి నవ్వుకుంది. వినిపించింది. వెళ్ళేటప్పుడు గుమ్మం దగ్గర అతను జేబు తడుముకుని, "మా అమ్మగారు ఇమ్మన్నారండి" అంటూ అయిదు రూపాయల బిళ్ళ ఒకటి నా చేతిలో పెట్టాడు.

శ్రావణం, మొదటి సోమవారం

వేగం పదకొండు. బిగుతు చొక్కా వేసుకోలేదు. దండెం మీద ఆరేస్తే పక్కింటివాళ్ళు చిన్నపిల్లలెవరొచ్చారని అడుగుతున్నారట.

నూకరత్నం బడ్డీ దగ్గర జనం ఇచ్చిన సంచీ తీసుకున్నాను. ఆమె మనవరాలి ఫొటో చూపించింది. నాలాగే జుట్టు లేదు. కాఫీపొడి డబ్బా సైకిలు ముందు కట్టుకున్నాను. దాని బరువుకి తేలిక బోల్టు కిర్రుమంది.

వంతెనమ్మ "సిబ్బందికి నమస్కారము" అంది. ఎర్రదీపం దగ్గర దిగి, సైకిలు రెయిలింగుకి ఆనించి, ముందు జనానివి వేశాను. ఒక్కొక్క బండీ చూసుకుని సాగిపోయింది. తర్వాత డబ్బా మూత తీశాను. ఏడాదిన్నర పొద్దులు. ఎదురుగాలి రోజులు, టోపీ పోయిన రోజు, ముప్ఫైనాలుగు రోజు, అన్నీ అందులో ఉన్నాయి. ఏది ఏ రోజుదో తెలియదు కాబట్టి అన్నీ జాగ్రత్తగానే వేశాను.

భ్రమరాంబ బండి వచ్చి నా పక్కన ఆగింది. పూతరేకు ఒళ్ళో పెట్టేసి, అద్దానికి అరచెయ్యి ఆనించింది. నేను బయటి నుంచి నా చెయ్యి అక్కడే ఆనించాను. అద్దం చల్లగా ఉంది. డబ్బాలో ఒక్క బిళ్ళ మిగిలింది, పసుపు గుడ్డలో విడిగా ముడి వేసినది. నిన్న రాత్రి దాకా ఆ ముడి లేదు, పొద్దున ఆవిడే ముందుగా వేసినట్టుంది. దాన్ని తీసి గోదావరి మీదకి చెయ్యి చాపాను. లోపల ఆమె వద్దు వద్దని తల ఊపుతోంది, వేలితో కొవ్వూరు వైపు చూపిస్తోంది.

నిజమే. అది ఇవాళ్టిది. ఇంకా సగం వంతెన ఉంది.

బిళ్ళని మళ్ళీ డబ్బాలో వేసి మూత పెట్టి సైకిలెక్కాను.